రొట్టె ఇచ్చిన ఇల్లు, రొట్టె తిన్న ఇల్లు: రాయచూరు సీమలో భక్తి, సేవ, ఇరుగుపొరుగు

ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర, నడుమ రాయచూరు. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలో జిల్లా. గద్వాల, అలంపురం తాలూకాలు కూడా అప్పుడు దీనివే. రాష్ట్రాల పునర్విభజనలో ఆ రెండూ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. సరిహద్దు మారినా మొక్కులు మారలేదు. రాయచూరు బజారులో ఈనాటికీ ఒకే బేరంలో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కల్లో జిల్లా జనం 19.28 లక్షలు, అక్షరాస్యత 60 శాతానికి కాస్త తక్కువ. ఇలాంటి చోట ప్రభుత్వం చేయగా మిగిలిపోయే పని చాలా ఉంటుంది. ఆ పనికి మఠం, గుడి, దర్గా, చర్చి తరతరాలుగా భుజం పడుతున్నాయి. వాటివల్ల ఎంతమంది కడుపు నిండింది అన్నది ఒక ప్రశ్న. పై వాడ మనిషికి కింది వాడ మనిషి పొరుగువాడయ్యాడా అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండోదాన్ని అడిగేవాళ్ళు తక్కువ. ఇక్కడ పరిశీలించేది ఆ రెండో ప్రశ్ననే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నిన్న పుచ్చుకున్నవాడికి రేపు పెట్టే వంతు దొరికిన చోట సేవ జనాన్ని కలిపింది. ఆ వంతు దొరకని చోట ఎన్ని వేలమందికి వడ్డించినా వాడలు వాడలుగానే మిగిలాయి.

దీనికి మంచి ఉదాహరణ కొప్పళ గవిమఠం జాతర. ఇప్పుడు కొప్పళ వేరే జిల్లా, 1997 వరకు రాయచూరులోదే. జనవరి ప్రాంతంలో, పుష్య మాసంలో గవిసిద్ధేశ్వరుడి తేరు జరుగుతుంది. రోజుల తరబడి నడిచే మహాదాసోహానికి, అంటే వచ్చినవాళ్ళందరికీ పెట్టే భోజనానికి, లక్షల మంది వస్తారు. అంత జనానికి రొట్టెలు మఠం వంటశాలలో కాల్చరు, చుట్టుపక్కల ఊళ్ళలో కాలుస్తారు. జాతరకు కొన్నాళ్ళ ముందునుంచే ఇంటింటా జొన్నరొట్టెలు తట్టి, పెళుసుగా ఎండబెట్టి, గుడ్డల్లో మూటలు కడతారు. ఊరి మూటలన్నీ బండ్లకు, ట్రాక్టర్లకు ఎక్కించి మేళతాళాలతో మఠానికి చేరుస్తారు. గవిమఠం వీరశైవ సంప్రదాయపు మఠమే అయినా రొట్టెలు పంపే ఇళ్ళకు ఆ హద్దు లేదు. పది రొట్టెలు కాల్చగల ఇల్లాలు పది ఇస్తుంది, నూరు కాల్చగల ఇల్లు నూరు ఇస్తుంది. దాసోహంలో కూర్చున్నవాడి విస్తట్లో పడిన రొట్టె ఎవరింటిదో వాడికి తెలియదు, ఇచ్చిన ఇల్లాలికీ తెలియదు. తాను తినే రొట్టె ఒకరు పెట్టింది, తన ఇంటి రొట్టె ఇంకొకరు తింటున్నారు అన్న ఎరుక మాత్రం అందరికీ ఉంటుంది. దాత ఒక్కడే అయి, తినేవాళ్ళు వేలమంది అయినప్పుడు ఈ ఎరుక కలగదు.

ఆ మఠమే 2019లో ఇంకో పని చేసింది. కొప్పళ పక్కన పారే హిరేహళ్ళ వాగు ముళ్ళకంపతో, పూడికతో, చెత్తతో మూసుకుపోయింది. మఠాధిపతి అభినవ గవిసిద్ధేశ్వర స్వామీజీ ముందు నిలిస్తే జనం కదిలి 20 కిలోమీటర్లకు పైగా వాగును శుభ్రం చేశారు. స్వామీజీ తానే పనిలోకి దిగడంతో పార ఎవరు పట్టాలన్న మాటే రాలేదు. కర్ణాటకలో ఈ దారి మరికొన్ని సంస్థలదీ. ధర్మస్థల గ్రామాభివృద్ధి పథకం కూడా ఊరి చెరువు పూడిక తీసేటప్పుడు ఊళ్ళోవాళ్ళతోనే కమిటీ వేస్తుంది. అన్నం ఆ పూట ఆకలి తీరుస్తుంది. వాగు, చెరువు ఏళ్ళ తరబడి అందరివీ. అక్కడ కలిసి చెమటోడ్చినవాళ్ళు తరువాత పూడిక పడినా, గట్టు తెగినా మళ్ళీ ఒకచోట చేరక తప్పదు.

ఈ నేలకు ఈ ఆలోచన కొత్త కాదు. పన్నెండో శతాబ్దంలో కళ్యాణ పట్టణంలో బసవణ్ణ, ఆయనతో నడిచిన శరణులు కాయకాన్ని, దాసోహాన్ని ఒకదానికొకటి ముడివేశారు. ఒళ్ళు వంచి సంపాదించాలి, సంపాదించినదాంట్లో తనకు కావలసింది ఉంచుకుని మిగతాది జంగమానికి, సమాజానికి అర్పించాలి. ఆ అర్పణలోనూ నేను ఇస్తున్నానన్న గర్వం ఉండకూడదు, నేను దాసుణ్ణన్న భావమే ఉండాలి. చెప్పులు కుట్టేవాడు, తాళ్ళు పేనేవాడు, కట్టెలు కొట్టేవాడు సైతం దాసోహం చేయవచ్చు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని తెలుగు ద్విపదలో రాశాకే అది భీమకవి చేత కన్నడంలోకి వెళ్ళింది గనుక తెలుగువాళ్ళకు ఈ కథలు పరాయివి కావు.

దానం నడక వేరు. ఫ్రెంచ్ పండితుడు మార్సెల్ మాస్ 1925లో ఇచ్చిపుచ్చుకోవడాల మీద ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. మనుషుల మధ్య ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడూ కలిస్తేనే బంధం నిలుస్తుందని, తిరిగి ఇచ్చే వీలు లేని దానం పుచ్చుకున్నవాణ్ణి చిన్నబుచ్చుతుందని ఆయన వాదన. భారతదేశపు దానాన్ని అధ్యయనం చేసిన జొనాథన్ పారీ 1986లో దీనికి ఒక ముఖ్యమైన చేర్పు చేశాడు. మన శాస్త్రం చెప్పే దానంలో తిరిగి పుచ్చుకోవడమే దోషం, ఫలం ఈ లోకంలో ఆశించకూడదు. ఇది దాతకు గొప్ప నియమమే. కానీ దాతకు, గ్రహీతకు మధ్య ఏ బంధమూ మిగలకూడదన్నదే నియమమైనప్పుడు దానివల్ల ఇరుగుపొరుగు ఏర్పడుతుందని ఆశించడం న్యాయం కాదు. అన్నదానం గొప్పదా, దాసోహం గొప్పదా అన్న పోటీ నేను పెట్టడం లేదు. గోదావరి ఒడ్డున లంకల గన్నవరంలో జీవితమంతా వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు చెబితే ఈనాటికీ తెలుగువాడు చేతులు జోడిస్తాడు. ఆకలి తీర్చడం ఒక పని, పొరుగును అల్లడం ఇంకో పని అని మాత్రమే అంటున్నాను.

ఈ తేడా మంత్రాలయంలో బాగా కనిపిస్తుంది. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన ఆ క్షేత్రం కర్నూలు జిల్లాలో ఉన్నా, తుంగభద్ర దాటితే రాయచూరు తాలూకానే. ఇవతలి ఒడ్డున బిచ్చాలి ఉంది, కొంత దూరంలో గాణదాళు పంచముఖి ఆంజనేయుడున్నాడు. మంత్రాలయం వచ్చినవాళ్ళు ఈ రెండూ చూసి వెళ్తారు. మఠంలో రోజూ భక్తులకు ఉచితంగా భోజనం పెడతారు. బెంగళూరు నుంచి వచ్చిన కుటుంబం, చెన్నై నుంచి వచ్చిన కుటుంబం పక్కపక్కన భోంచేసి ఎవరి రైలు వాళ్ళెక్కుతారు. కృష్ణ నడుమ ద్వీపంలో ఉన్న కురువపురంలోనూ అంతే. శ్రీపాద శ్రీవల్లభుల పాదుకలకు మొక్కడానికి మహారాష్ట్ర నుంచి, తెలుగు జిల్లాల నుంచి పుట్టిలో, పడవలో వచ్చి ప్రసాదం తిని వెళ్తారు. క్షేత్రసేవ బాటసారికి చేసే సేవ. దాని విలువ దానికుంది. అయితే పెద్ద క్షేత్రం పక్కనే ఉన్నంత మాత్రాన పల్లె కలిసికట్టుగా ఉంటుందనుకోవద్దు.

2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరద ఈ ప్రశ్నకు పెద్ద పరీక్ష. తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచింది. రాయచూరు జిల్లాలో రెండు నదుల ఒడ్డు పల్లెలూ మునిగాయి. ఉత్తర కర్ణాటకలో 200 మందికి పైగా పోయారు. ఇలాంటి విపత్తులో ఎక్కడైనా ముందు పొరుగు ఊరే కదులుతుంది. గుళ్ళు, మసీదులు, చర్చిలు, బళ్ళు తెరుచుకుంటాయి. ఉత్తర కర్ణాటకలో విపత్తు వస్తే పక్క ఊరు రొట్టెలు కట్టి పంపుతుంది. జాతర దాసోహానికి రొట్టె పంపే అలవాటే ఇక్కడా పనికొస్తుంది. మూట ఎలా కట్టాలి, ఎవరింట పోగుచేయాలి, ఎవరి బండి వేయాలి అన్నది ముందే తెలిసిన ఊరికి మొదటి రోజు వృథా కాదు.

పునర్నిర్మాణం అంత తేలిగ్గా సాగలేదు. మునిగిన ఊళ్ళను ఎత్తు నేలకు మార్చడానికి కర్ణాటక ప్రభుత్వం ‘ఆసరె’ పథకం పెట్టి, దాతలను, మఠాలను, కంపెనీలను కలుపుకుంది. రాయచూరు తాలూకాలోని డొంగరాంపురంలో మాతా అమృతానందమయి మఠం ఇళ్ళు కట్టించింది. దూరం నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు అక్కడ ఇటుకలు మోశారు. ఉత్తర కర్ణాటకలోని ఇంకెన్నో చోట్ల మాత్రం కొత్త ఇళ్ళు పొలాలకు దూరమయ్యాయి. పశువులను కట్టడానికి, కంకి ఆరబోయడానికి చోటు లేక ఖాళీగా మిగిలినవీ చాలా ఉన్నాయి. ఎవరింటి పక్కన ఎవరిల్లు, ఏ వాడ ఎటువైపు, పీర్లచావడి ఎక్కడ, మారెమ్మ గుడి ఎక్కడ అన్నవి ఇల్లు కట్టేముందు అడగవలసిన ప్రశ్నలు. విపత్తుల నుంచి కోలుకోవడంపై డేనియల్ ఆల్డ్రిచ్ 2012లో రాసిన పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. కోబె, న్యూ ఆర్లీన్స్‌తో పాటు 2004 సునామీ తరువాతి తమిళనాడును ఆయన చూశాడు. కట్టుబాటు గట్టిగా ఉన్న బెస్త ఊళ్ళు తొందరగా లేచి నిలబడ్డాయి. ఆ కట్టుబాటే దళితులకు, ఒంటరి ఆడవాళ్ళకు సాయం అందకుండా చేసింది. జనం కలిసి ఉంటే మేలు జరుగుతుందన్నది నిజమే. ఆ కలిసినవాళ్ళలో ఎవరున్నారన్నది కూడా అడగాలి.

జిల్లాలో ఈ ప్రశ్నకు నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే జవాబు లింగసుగూరు తాలూకా ముద్గల్‌లో ఉంది. పాత కోట, దాని కింద ఊరు. అక్కడి మొహర్రం ఉత్తర కర్ణాటకలో పేరుమోసింది. హుసేనీ ఆలం పీరును చూడటానికి చుట్టుపక్కల జిల్లాలనుంచి, తెలుగు పల్లెలనుంచి జనం వస్తారు. పనికోసం బెంగళూరు, హైదరాబాదు, పుణె పోయినవాళ్ళు దీపావళికి రాకపోయినా దీనికి వస్తారు. పీర్లు లేచే రోజున ముందు నడిచేవాళ్ళలో, కిందపడి పొర్లుదండాలు పెట్టేవాళ్ళలో, చక్కెర పంచేవాళ్ళలో, అలావా గుండానికి కట్టెలు తెచ్చేవాళ్ళలో ఎవరు హిందువో ఎవరు ముస్లిమో వేరుచేసి చెప్పలేం. ఉత్తర కర్ణాటకలో ఒక్క ముస్లిం ఇల్లూ లేని పల్లెల్లో కూడా పీర్లను నిలబెడతారు. పీరు పండుగ పనులు వంశాలవారీగా పంచుకుని ఉంటాయి: గుండం తవ్వేది ఒకరు, కట్టెలిచ్చేది ఒకరు, డప్పు కొట్టేది ఒకరు, షర్బత్తు కలిపేది ఒకరు. ఆ హక్కును ఏ ఇల్లూ వదులుకోదు. అది హక్కూ బాధ్యతా కలగలిసిన పని. ఏడాదికోసారి ఒకరింటికి ఒకరు కబురు పెట్టకుండా పండుగ జరగదు.

అయితే ముద్గల్‌లో సాగినది రాయచూరు నగరంలోనూ అలాగే సాగుతుందనుకోవడానికి లేదు. ఆశుతోష్ వార్ష్ణేయ్ 2002లో వచ్చిన తన పుస్తకంలో ఆరు నగరాల మతఘర్షణల చరిత్రను పోల్చాడు. అందులో హైదరాబాదు ఒకటి. పల్లెలో రోజువారీ పలకరింపులు, పండుగల్లో రాకపోకలు శాంతిని నిలబెట్టడానికి చాలుతాయి. నగరం పెద్దది గనుక అక్కడ రెండు మతాలవాళ్ళూ సభ్యులుగా ఉండే సంఘాలు కావాలి. వ్యాపారుల సంఘం, కార్మికుల సంఘం, చదువరుల సంఘం లాంటివి. పుకారు పుట్టిన రాత్రి ఫోనెత్తి మాట్లాడుకునేవాళ్ళు అటూ ఇటూ ఉండాలి. రాయచూరు నగరానికి ఈ మాట వర్తిస్తుంది. 1513 నాటి ఏక్ మినార్ మసీదున్న ఊరది, జైనులు, మార్వాడీలు, తెలుగు మున్నూరు కాపులు, లింగాయతులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసి బతికే ఊరు. ఏరువాక పున్నమికి మున్నూరు కాపు సమాజం జరిపే ముంగారు ఉత్సవంలో ఎడ్లు బండలు లాగుతుంటే చూడటానికి ఊరంతా వస్తుంది. చూడటానికి అందరూ రావడం మంచిదే. నడిపే కమిటీల్లో ఎవరున్నారు అన్నది అంతకన్నా ముఖ్యం. ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్ళో వేసవికి ఏ సంఘం చలివేంద్రం ఆ సంఘం పెడుతుంది. ఆ సంఘాలు కలిసి ఒకే పట్టికలో వంతులు వేసుకుంటే అదే నీళ్ళు ఇంకో పనీ చేస్తాయి.

తెలుగు క్యాంపుల సంగతి కొంచెం విడిగా చెప్పాలి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక ఎడమ కాలువ కింద నీళ్ళొచ్చాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడి పొలాలు అమ్ముకుని ఇక్కడ ఎక్కువ ఎకరాలు కొనుక్కున్నారు. సింధనూరు, మాన్వి వైపు నల్లరేగడిలో వరి పెట్టారు. ఊళ్ళకు దూరంగా పొలాల మధ్య వాళ్ళు కట్టుకున్న ఇళ్ళే క్యాంపులు. క్యాంపు వెలిసిన కొన్నాళ్ళకే రామాలయం లేచేది, కొన్నిచోట్ల దానికి తోడు చర్చి. శ్రీరామనవమికి పందిరి, పానకం, వడపప్పు, రాత్రికి నాటకమో హరికథో. పుట్టిన జిల్లాను వదిలి వచ్చినవాళ్ళకు ఆ గుడి తోడబుట్టినవాళ్ళ ఇల్లు లాంటిది. చావుకి చందా అక్కడే పోగయ్యేది, పెళ్ళికి పాత్రలు అక్కడే దొరికేవి. క్యాంపు లోపల ఇరుగుపొరుగు ఇంత గట్టిగా ఉండటానికి ఆ గుడి పెద్ద కారణం.

క్యాంపుకూ పక్క ఊరికీ మధ్య కథ వేరు. ఊరి కూలీ క్యాంపు పొలంలో నాట్లు వేస్తుంది, క్యాంపు పిల్లాడు ఊరి బడిలో కన్నడం చదువుతాడు. మూడో తరం క్యాంపు పిల్లలు ఇంట్లో తెలుగు, బయట కన్నడం ఒకే ఊపిరిలో మాట్లాడతారు. నవమి నాడు పక్క ఊరివాళ్ళు కూడా వచ్చి బంతిలో కూర్చుంటారు. కానీ కాలువ నీళ్ళ దగ్గర సమస్య ఉంది. పైన వరి పెట్టినవాడు నీళ్ళు తోడుకుంటే మాన్వి, సిరవార, రాయచూరు వైపు కాలువ కొసన ఉన్నవాడి పంట ఎండుతుంది. ఏళ్ళ తరబడి కొసరైతు రోడ్డెక్కుతున్నాడు. ఎంత పెద్ద అన్నదానం చేసినా ఈ గుంజాటన తీరదు. క్యాంపు గుడి పెద్దలు, ఊరి మఠం పెద్దలు తూము దగ్గర నీళ్ళ వంతు గురించి కూర్చుని మాట్లాడితే అదీ సేవే. సింధనూరు చుట్టూ తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల క్యాంపులు కూడా ఉన్నాయి, అక్కడ దసరాకు దుర్గాపూజ జరుగుతుంది. తెలుగు క్యాంపు, బెంగాలీ క్యాంపు, కన్నడ ఊరు ఒకే కాలువ నీళ్ళు తాగుతాయి.

క్రైస్తవ సంస్థల పని ఎక్కువగా బడి, ఆసుపత్రి చుట్టూ సాగింది. మాన్వి, పన్నూరుల్లో జెస్యూట్ పాదిరీలు నడిపే బళ్ళలో దళిత పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. మతమార్పిడి అనుమానం ఈ పనిని వెంటాడుతూనే ఉంటుంది. అనుమానం పోవాలంటే ఉపన్యాసాలు చాలవు, బడి తల్లిదండ్రుల కమిటీలో అన్ని కులాల, మతాల వాళ్ళు కూర్చోవాలి.

ఇక కులం మాట. ఉత్తర కర్ణాటక పల్లెల్లో హోటల్లో వేరే గ్లాసు, మంగలి కొట్టులో నిరాకరణ గురించిన వార్తలు ఇంకా వస్తున్నాయి. అలాంటి ఊళ్ళో దాసోహం పెట్టినప్పుడు అందరికీ అన్నం పెట్టారా అని అడిగితే పెట్టామనే చెబుతారు. వంట ఎవరు చేశారు, వడ్డన ఎవరిది, ఎంగిలాకులు ఎవరెత్తారు, ఎవరి బంతి ముందు లేచింది అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఎత్తే చెయ్యి ఎప్పుడూ ఒకే వాడదైతే ఆ సేవ పాత కట్టునే మళ్ళీ బిగిస్తుంది. మస్కిలో 1915లో బయటపడిన అశోకుడి శాసనం ఈ జిల్లా రాతి మీదే ఉంది. ధర్మాచరణ ఫలం గొప్పవాళ్ళకే కాదు, చిన్నవాడికీ అందుతుందన్నది దాని సారం. చిన్నవాడు పుచ్చుకునేవాడిగా మిగిలిపోక తానూ చేసేవాడు కావడం ఆ మాటలోనే ఉంది.

2002 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం రాయచూరుతో సహా ఏడు ఉత్తర జిల్లాల్లో బడి పిల్లలకు వండిన మధ్యాహ్న భోజనం మొదలుపెట్టినప్పుడు దానికి ‘అక్షర దాసోహ’ అని పేరు పెట్టింది. పేరు శరణులది, సొమ్ము ప్రభుత్వానిది. రోజూ అన్ని కులాల పిల్లలు ఒకే బంతిలో కూర్చుంటారు. దళిత స్త్రీ వండిందని పిల్లలను మాన్పించిన సంఘటనలు రాష్ట్రంలో అక్కడక్కడా జరిగాయి. ఆ గొడవ వచ్చినప్పుడు ఊరి మఠం అయ్యగారు, గుడి పూజారి వచ్చి ఆ బంతిలో పిల్లల పక్కన కూర్చుని తింటే చాలు, ఏ ప్రవచనమూ అక్కర్లేదు. మఠాలకు ఉన్న మాట విలువ అధికారులకు లేదు. ఆ విలువను ఖర్చు పెట్టవలసిన చోటు అదే.

అమెరికాలో రాబర్ట్ పుట్నం, డేవిడ్ క్యాంప్‌బెల్ 2010లో తెచ్చిన అధ్యయనం ఒకటుంది. చర్చికి వెళ్ళేవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ స్వచ్ఛంద సేవ చేస్తారు, మతంతో సంబంధం లేని పనుల్లోనూ. కారణమేమిటని చూస్తే, విశ్వాసం ఎంత గట్టిదన్నదానికన్నా ఆ చర్చిలో ఎంతమంది స్నేహితులున్నారన్నది ముఖ్యమని తేలింది. ఒంటరిగా ప్రార్థించే భక్తుడికన్నా నలుగురితో కలిసివచ్చే భక్తుడు పనికి దిగుతాడు. మన దగ్గర భజన మండలిలో, పీర్లచావడిలో, శివానుభవ గోష్ఠిలో జరిగేదీ ఇదే. నలుగురిలో ఒకడు పిలిస్తే మిగతా ముగ్గురూ వస్తారు. చిక్కేమిటంటే ఆ నలుగురూ తరచుగా ఒకే కులం, ఒకే వీధి. వేరే వీధి నుంచి ఐదోవాణ్ణి పిలవడం మండలి నడిపేవాడి చేతిలో ఉన్న పని. సేవకు ఫోటోలు తీసి, ఫ్లెక్సీలు కట్టి, దాత బొమ్మ వేసే అలవాటు పెరిగాక ఆ ఐదోవాడు ఇంకా వెనక్కి తగ్గుతున్నాడు. బొమ్మ ఉన్న చోట అతను పుచ్చుకునేవాడిగా తప్ప కనిపించడు.

జిల్లాలో ఇంకా సరిగా ఎవరూ అందుకోని పని గుళె, అంటే కూలిపనికి వలస. కోతలయ్యాక దేవదుర్గ, లింగసుగూరు, మస్కి పల్లెల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని కట్టడాల పనికి హైదరాబాదు, బెంగళూరు, పుణె పోతాయి. ఇంట్లో ముసలివాళ్ళు, బడి ఈడు పిల్లలు మిగులుతారు. 2020 వసంతంలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ పోయినవాళ్ళంతా ఒక్కసారి తిరిగి రావడంతో ఈ వలస ఎంత పెద్దదో ఊరందరి కళ్ళకూ కట్టింది. మఠానికి వంటపాత్రలున్నాయి, ఎవరింట్లో ఎవరున్నారో తెలుసు. దర్గాకు చావడి ఉంది, చర్చికి బడి గదులున్నాయి. గుళె నెలల్లో మిగిలిన ముసలివాళ్ళకు సాయంత్రం రొట్టె, పిల్లలకు రాత్రి చదువు చూసుకునే వంతు ఈ మూడూ కలిసి వేసుకోవచ్చు. తిరిగి వచ్చిన తల్లిదండ్రులు వచ్చే ఏడాది జాతరకు, పీర్ల పండుగకు తమ వంతు కట్టెలు, రొట్టెలు తెస్తారు. ఆ వంతుల పట్టిక రాయడానికి ఒక్కో ఊళ్ళో ఒక సాయంత్రం సరిపోతుంది.